వేలి గోరంత ఇత్తడి ముక్క.. ఏడాది జైలు! వేప్ అడాప్టర్ల వెనుక చాలామందికి తెలియని లెక్క ఇదీ

లేత్ మెషీన్ మీద చిన్న పని. ఒక చివర లోపలి థ్రెడ్, ఇంకో చివర బయటి థ్రెడ్, మధ్యలో ఒక పిన్. చేతిలో పెట్టుకుని చూస్తే కుళాయి ఫిట్టింగో, సైకిల్ పంపు నాజిలో అనుకుంటారు ఎవరైనా. కానీ అది ఈ-సిగరెట్‌కు బిగించే అడాప్టర్ అయితే? మన దేశంలో ఆ ముక్క తయారు చేసినా కేసే. మొదటిసారి దోషిగా తేలితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదంటే రెండూ.

ఈ-సిగరెట్లు బ్యాన్ అయ్యాయన్న సంగతి చాలామందికి తెలుసు. కానీ ఆ బ్యాన్ విడి భాగాలకు కూడా వర్తిస్తుందన్న సంగతి తెలిసినవాళ్లు తక్కువ. అందుకే వేప్ తాగే కుర్రాడి కంటే, వాడికి ఓ ముక్క చేసిపెట్టిన వర్క్‌షాప్ ఓనర్‌కే చిక్కులు ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. అదెలా? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలేంటీ అడాప్టర్?

ఈ-సిగరెట్‌లో ప్రధానంగా రెండు భాగాలుంటాయి. కింద బ్యాటరీ ఉండే బాడీ. పైన లిక్విడ్‌ను వేడి చేసి ఆవిరిగా మార్చే ట్యాంకు లేదా కార్ట్రిడ్జ్. ఈ రెండూ కలిసే చోట ఉండే జాయింట్ దగ్గరే వస్తుంది తంటా. ఒక కంపెనీ బాడీకి ఇంకో కంపెనీ ట్యాంకు పట్టదు. టూ-పిన్ సాకెట్‌లో త్రీ-పిన్ ప్లగ్ పెట్టడానికి కన్వర్టర్ వాడినట్టే, ఇక్కడ మధ్యలో బిగించేదే అడాప్టర్.

ఈ రంగంలో బాగా పాపులర్ అయిన జాయింట్ పేరు '510'. ఒకప్పటి చైనా మోడల్ నంబర్ నుంచి వచ్చిన పేరిది. 7 మిల్లీమీటర్ల వ్యాసం, అర మిల్లీమీటర్ పిచ్ ఉన్న సన్నటి థ్రెడ్. బయటి థ్రెడ్ నెగెటివ్, మధ్యలో పిన్ పాజిటివ్. ఈ రెండింటి మధ్య కరెంటు పాకకుండా ఓ సన్నటి ప్లాస్టిక్ రింగు. అంతే. ఏ ప్రభుత్వమూ దీన్ని ప్రమాణంగా ప్రకటించలేదు. అందరూ వాడుతూ పోవడంతో అదే ప్రమాణంలా స్థిరపడిపోయింది.

ఆ తర్వాత కంపెనీలు రూటు మార్చాయి. మాగ్నెట్‌తో అతుక్కునేవి, క్లిప్పులా నొక్కుకునేవి.. ఇలా ఎవరి 'పాడ్' వాళ్లది. కారణం సింపుల్. ప్రింటర్ ఒకసారి కొంటారు, ఇంకు జీవితాంతం కొంటారు. వేప్ బిజినెస్ కూడా అదే పద్ధతి. డివైజ్ ఒకసారి అమ్మి, పాడ్లు మళ్లీ మళ్లీ అమ్మాలి. ఈ తాళం తప్పించుకోవడానికే విదేశాల్లో చాలామంది సొంతంగా అడాప్టర్లు చేయించుకోవడం మొదలుపెట్టారు. కొందరు లేత్ మీద, కొందరు ఇంట్లోని త్రీడీ ప్రింటర్ మీద.

అక్కడ ఓకే.. ఇక్కడ కేసు!

బ్రిటన్‌లో పెద్దవాళ్లు వేప్ కొనడం చట్టబద్ధమే. సిగరెట్ మానాలనుకునేవాళ్లకు అదో దారి అని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థే చెబుతోంది. 10 లక్షల మంది పొగతాగేవాళ్లకు వేప్ కిట్లు ఇస్తామని 2023 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది కూడా. అదే బ్రిటన్, వాడి పారేసే వేప్‌లను మాత్రం 2025 జూన్ 1 నుంచి నిషేధించింది. పిల్లల చేతికి వెళ్తున్నాయన్నది ఒక కారణం. బ్యాటరీతో సహా చెత్తబుట్టలోకి పోతున్నాయన్నది ఇంకో కారణం.

భారత్ తీసుకున్న దారి పూర్తిగా వేరు. 2019 సెప్టెంబర్ 18న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. నవంబర్ 27న లోక్‌సభ, డిసెంబర్ 2న రాజ్యసభ బిల్లుకు ఓకే చెప్పాయి. చట్టం మాత్రం సెప్టెంబర్ 18 నుంచే అమల్లోకి వచ్చినట్టు లెక్క. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటనలు.. అన్నీ బంద్. నికోటిన్ ఉన్నా, లేకపోయినా ఒకటే. హీట్-నాట్-బర్న్ డివైజ్‌లు, ఈ-హుక్కాలు కూడా ఇందులోకే వస్తాయి.

ఆ ఒక్క మాటే కీలకం

చట్టంలో సెక్షన్ 4 జాగ్రత్తగా చదివితే ఓ మాట కనిపిస్తుంది. ఈ-సిగరెట్ 'పూర్తి వస్తువుగా అయినా, దానిలో ఏ భాగమైనా' తయారు చేయకూడదు, అమ్మకూడదు, రవాణా చేయకూడదు అన్నది దాని సారాంశం. 2019 సెప్టెంబర్‌లోనే విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ ఇచ్చిన దిగుమతి నిషేధం నోటిఫికేషన్‌లో కూడా ఇదే సంగతి ఉంది. రీఫిల్ పాడ్లు, అటామైజర్లు, కార్ట్రిడ్జ్‌లు లాంటి భాగాలను అందులో పేరుపెట్టి మరీ చెప్పారు.

ఈ మాట ఎందుకు పెట్టారో అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. పూర్తి డివైజ్‌ను మాత్రమే బ్యాన్ చేసి ఉంటే ఏమయ్యేది? బాడీ ఒక పార్సిల్‌లో, ట్యాంకు ఇంకో పార్సిల్‌లో, అడాప్టర్ మూడో పార్సిల్‌లో వచ్చేవి. ఇక్కడ బిగించి అమ్మేసేవారు. ఆ తలుపు మూయడానికే 'ఏ భాగమైనా' అన్నారు. ఆ మేరకు ప్రభుత్వ ఆలోచనలో తప్పు పట్టడానికి లేదు.

చిక్కు వచ్చేది అమలు దగ్గర. ఏది 'భాగం', ఏది మామూలు సామాను అన్నదానికి చట్టంలో విడిగా లిస్టు లేదు. ఉదాహరణకు వేప్‌లో వాడే 18650 బ్యాటరీ టార్చిలైట్లలో, పవర్ బ్యాంకుల్లో, పాత ల్యాప్‌టాప్‌లలో కూడా ఉంటుంది. కాయిల్‌కు వాడే నిక్రోమ్ తీగ టోస్టర్‌లోనూ ఉంటుంది. వీటిని అమ్మినవాళ్లందరి మీదా కేసులు పెట్టలేరు. కానీ 510 థ్రెడ్‌తో, మధ్యలో ఇన్సులేటెడ్ పిన్‌తో చేసిన అడాప్టర్ సంగతి వేరు. వేప్‌కు తప్ప దానికి వేరే వాడకం చూపించడం కష్టం. 'మామూలు ఫిట్టింగే కదా' అన్న వాదన ఇక్కడే బలహీనపడుతుంది.

'నాకు తెలియదు' అంటే సరిపోతుందా?

బాలానగర్‌లోనో, జీడిమెట్లలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో ఓ చిన్న లేత్ షాపు ఉందనుకుందాం. ఎవరో కుర్రాడు ఫోన్‌లో డ్రాయింగ్ చూపించి 'అన్నా, ఇలాంటివి యాభై పీసులు కావాలి, ఎంతవుతుంది?' అని అడుగుతాడు. ముక్క చిన్నది, రేటు బాగుంది. షాపు అద్దె, కరెంటు బిల్లు, ఇద్దరు కుర్రాళ్ల జీతాలు.. ఆర్డర్ వదులుకోవాలని ఎవరికుంటుంది? అది దేనికి వాడతారో అడిగే అలవాటు జాబ్‌వర్క్ చేసేవాళ్లలో తక్కువ. డ్రాయింగ్ ఇచ్చారు, కొలత ప్రకారం కోసి ఇచ్చారు.. అక్కడితో పని అయిపోయిందనుకుంటారు.

చట్టంలోని రెండు సెక్షన్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఓ తేడా కనిపిస్తుంది. నిల్వ గురించి చెప్పే సెక్షన్ 5లో 'తెలిసి' అన్న పదం ఉంది. అంటే తన గోడౌన్‌లో ఈ-సిగరెట్ల స్టాకు ఉంచుతున్నారని తెలిసి కూడా ఒప్పుకున్నవాళ్లకే ఆ సెక్షన్. దానికి శిక్ష ఆరు నెలల వరకు జైలు లేదా 50 వేల వరకు జరిమానా, లేదంటే రెండూ. తయారీ, అమ్మకం గురించి చెప్పే సెక్షన్ 4లో మాత్రం ఆ పదం కనిపించదు.

అలాగని తెలియక చేసినవాళ్లకు తప్పకుండా శిక్ష పడుతుందని కాదు. ఉద్దేశం ఉందా లేదా అన్నది కోర్టులో వాదించుకోవచ్చు. కానీ అది కోర్టు మాట. అంతకంటే ముందే చాలా జరిగిపోతుంది. సబ్ ఇన్‌స్పెక్టర్, ఆపై స్థాయి పోలీసు అధికారికి సోదా చేసి, సరుకు సీజ్ చేసే అధికారం ఉంది. సెక్షన్ 4 కింద నేరం కాగ్నిజబుల్. అంటే కోర్టు అనుమతి కోసం ఆగకుండా పోలీసులు నేరుగా కేసు కట్టొచ్చు. రెండోసారి దోషిగా తేలితే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. నాలుగైదు లేత్‌లు పెట్టుకుని బతికే యూనిట్‌కు కేసు నడిచినన్నాళ్లు తిరగడమే పెద్ద శిక్ష.

త్రీడీ ప్రింటింగ్ షాపులకూ ఇదే వర్తిస్తుంది. నెట్‌లో దొరికిన ఫైల్ తెచ్చి 'ఇది ప్రింట్ చేసివ్వండి' అనే కస్టమర్లే ఎక్కువ. ఫైల్ పేరు చూసి, వస్తువు ఏంటో ఒక్క నిమిషం కనుక్కోవడం ఇప్పుడు వ్యాపార జాగ్రత్తల్లో భాగమే.

చట్టం సంగతి సరే.. ప్రాణం మాటేంటి?

కేసు భయం పక్కన పెడదాం. ఇంట్లో చేసిన అడాప్టర్ అసలు ఎందుకు డేంజర్? ఇది అర్థం కావాలంటే టెన్త్ క్లాస్ ఫిజిక్స్ గుర్తు చేసుకుంటే చాలు.

ఫుల్ ఛార్జ్ చేసిన లిథియం అయాన్ సెల్ వోల్టేజ్ 4.2. వేప్ కాయిల్ నిరోధం అర ఓమ్ ఉంటే సుమారు 8 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. కొందరు ఎక్కువ పొగ కోసం 0.1 ఓమ్ కాయిల్స్ వాడతారు. అప్పుడు కరెంటు 42 ఆంపియర్లు! ఇంట్లో వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె తీసుకునేది నాలుగున్నర ఆంపియర్ల లోపే. వోల్టేజ్ తక్కువ కాబట్టి షాక్ కొట్టదు, నిజమే. కానీ అంత కరెంటు ఓ గోరంత ముక్క గుండా పోవాలి. అక్కడే వేడి పుడుతుంది.

అడాప్టర్ సరిగ్గా అమరకపోతే జాయింట్ దగ్గర నిరోధం పెరుగుతుంది. అది కేవలం 0.05 ఓమ్ అనుకుందాం. 20 ఆంపియర్లు పోతుంటే అక్కడ పుట్టే వేడి 20 వాట్లు. టీవీ మెకానిక్ దగ్గర ఉండే చిన్న సోల్డరింగ్ ఐరన్ వేడి దాదాపు అంతే. అదంతా పెదవులకు కొద్ది అంగుళాల దూరంలో!

ఇప్పుడు మధ్యలో ఉన్న ప్లాస్టిక్ రింగు గురించి ఆలోచించండి. త్రీడీ ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ దాదాపు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. రింగు కరిగి పిన్ పక్కకు జరిగితే పాజిటివ్, నెగెటివ్ కలిసిపోతాయి. అదే షార్ట్ సర్క్యూట్. మంచి డివైజ్‌లలో దీన్ని పసిగట్టి కరెంటు ఆపేసే సర్క్యూట్ ఉంటుంది. 'మెకానికల్ మాడ్' అని పిలిచే మోడల్స్‌లో అలాంటిదేమీ ఉండదు. ఓ లోహపు గొట్టం, అందులో బ్యాటరీ, ఓ బటన్. అంతే. వీటిలో కొన్నింటిలో ట్యాంకు పిన్ నేరుగా బ్యాటరీ నెత్తినే తాకుతుంది. పిన్ ఒక్క మిల్లీమీటర్ పొట్టిగా ఉన్నా, థ్రెడ్ అంచు బ్యాటరీని తాకి షార్ట్ అయిపోతుంది. బ్యాటరీ నుంచి వచ్చే వేడి గ్యాస్ పోయే దారి లేకపోతే ఆ గొట్టం దీపావళి బాంబులా మారుతుంది.

ఇంకో సమస్య కంటికి కనపడదు. లేత్ పనికి వాడే ఇత్తడి సులువుగా తెగడం కోసం అందులో కొద్దిగా సీసం కలుపుతారు. తలుపు బోల్టుకు వాడితే ఫర్వాలేదు. వేడి ఆవిరి పోయే దారిలో పెడితే? అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 56 మంది వేప్ వాడకందారుల డివైజ్‌లను పరీక్షించి 2018లో ఫలితాలు బయటపెట్టారు. కాయిల్‌ను తాకిన తర్వాత ఆవిరిలో సీసం, నికెల్, క్రోమియం లాంటి లోహాలు కనిపించాయి. అవి బజారులో కొన్న డివైజ్‌లు. ఏ లోహంతో చేశారో ఎవరికీ తెలియని ముక్క సంగతి చెప్పాల్సిన పనే లేదు.

అమెరికా నేర్చుకున్న పాఠం

అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ 2017లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం 2009 నుంచి 2016 చివరి వరకు మీడియాలో వచ్చినవే 195 ఈ-సిగరెట్ మంటలు, పేలుళ్ల ఘటనలు. 133 మంది గాయపడ్డారు. వారిలో 38 మందివి తీవ్ర గాయాలు. ఆ తర్వాత మరణాలు కూడా నమోదయ్యాయి. 2018 మేలో ఫ్లోరిడాలో 38 ఏళ్ల వ్యక్తి, 2019 ఆరంభంలో టెక్సస్‌లో 24 ఏళ్ల యువకుడు వేప్ పేలి చనిపోయారు. టెక్సస్ ఘటనలో పేలిన ముక్క మెడలోని ప్రధాన రక్తనాళాన్ని కోసేసింది.

2019లో అమెరికాను వణికించిన ఊపిరితిత్తుల వ్యాధి సంగతి ఇంకోటి. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆస్పత్రిపాలు లేదా మృతి కేసులుగా నమోదయ్యారు. వారిలో మరణించినవారు 68 మంది. ఎక్కువ కేసుల వెనుక గంజాయి నుంచి తీసిన టీహెచ్‌సీ నూనె కార్ట్రిడ్జ్‌లు ఉన్నాయి. వాటిలో కల్తీకి వాడిన విటమిన్-ఈ అసిటేట్‌కు ఈ వ్యాధితో బలమైన సంబంధం ఉన్నట్టు తేలింది. గమనించాల్సింది ఏంటంటే, అమెరికా మార్కెట్లో గంజాయి నూనె కార్ట్రిడ్జ్‌లకు సాధారణంగా ఉండేది ఇదే 510 థ్రెడ్. అంటే నికోటిన్ బాడీకి గంజాయి కార్ట్రిడ్జ్ ఎక్కేస్తుంది. జాయింట్ ఒకటే కావడంతో రెండు మార్కెట్లూ కలిసిపోయాయి.

మన దగ్గర దీనికో అదనపు ముప్పు ఉంది. హ్యాష్ ఆయిల్ ఎన్‌డీపీఎస్ చట్టం కిందకు వస్తుంది. కార్ట్రిడ్జ్‌లో అది దొరికితే ఇక అది ఈ-సిగరెట్ కేసు కాదు, డ్రగ్స్ కేసు. బెయిల్ దగ్గర్నుంచి శిక్ష దాకా అన్నీ మారిపోతాయి.

ఫారిన్ నుంచి వచ్చే మనవాళ్లూ జాగ్రత్త

చదువు కోసం, ఉద్యోగం కోసం అమెరికా, బ్రిటన్ వెళ్లిన తెలుగు కుర్రాళ్లు లక్షల్లో ఉన్నారు. అక్కడ షాపులో బిల్లు ఇచ్చి మరీ అమ్మే వస్తువు, శంషాబాద్‌లో దిగగానే నిషేధిత సరుకు అయిపోతుంది. ఒక్కటే కదా, సొంతానికే కదా అంటే కుదరదు. తాగేవాళ్లకు ఇంత శిక్ష అని చట్టంలో విడిగా రాయలేదన్నది నిజం. కానీ ఏ రూపంలో, ఎంత మోతాదులో దగ్గర ఉంచుకున్నా చట్ట ఉల్లంఘనే అని కేంద్ర ఆరోగ్య శాఖ 2023లో స్పష్టం చేసింది. 'మావాడికి ఓ అడాప్టర్ తెచ్చిపెట్టు' అని ఫ్రెండ్ అడిగితే, తెచ్చేవాడు చేస్తున్నది దిగుమతే.

ఆన్‌లైన్ ఆర్డర్లదీ అదే తీరు. పార్సిల్ మీద 'బ్రాస్ కనెక్టర్' అని రాసి ఉండొచ్చు. లోపల ఏముందన్నదే లెక్క.

బ్యాన్‌తో సమస్య తీరిందా?

ఇక్కడ రెండు వాదనలున్నాయి. బ్యాన్‌ను సమర్థించేవాళ్లు చెప్పేది ఒకటే. 2016-17 సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో పొగాకు వాడేవారు దాదాపు 26 కోట్ల 70 లక్షల మంది. ఇప్పటికే ఇంత భారం ఉంటే, పండ్ల ఫ్లేవర్లతో పిల్లల్ని లాగే కొత్త అలవాటు దేనికి అన్నది వారి ప్రశ్న. అది గట్టి ప్రశ్నే.

వ్యతిరేకించేవాళ్లు ఇంకో వైపు చూపిస్తారు. సిగరెట్, బీడీ కిళ్లీకొట్టులో దొరుకుతున్నప్పుడు వేప్ ఒక్కటే నేరమైతే, అది దొడ్డిదారిన వస్తుందంటారు. హైదరాబాద్‌లో పోలీసులు ఈ-సిగరెట్లు పట్టుకున్న వార్తలు తరచూ కనిపించడమే దానికి గుర్తు. పైగా నిషేధిత వస్తువుకు నాణ్యత పరీక్ష ఉండదు. ప్రమాణ ముద్ర ఉండదు. పేలితే వినియోగదారుల ఫోరానికి వెళ్లే దారీ ఉండదు. గాయపడినవాడు డాక్టర్‌కు నిజం చెప్పడానికే జంకుతాడు.

అడాప్టర్ కథలో ఈ రెండు వాదనలూ ఒకే చోట కలుస్తాయి. భాగాలను వదిలేస్తే బ్యాన్‌కు అర్థం లేదు. భాగాలను బ్యాన్ చేశాక, ఏవి భాగాలో పని చేసే చేతులకు చెప్పకపోతే న్యాయం లేదు. కళాశాలల్లో పోస్టర్లు కనిపిస్తున్నాయి. పారిశ్రామికవాడల్లో, లేత్ షాపుల్లో, త్రీడీ ప్రింటింగ్ సెంటర్లలో ఈ మాట చెప్పేవాళ్లు కావాలి. ఫలానా థ్రెడ్, ఫలానా ఆకారం వస్తే అడగండి అని ఒక పేజీ నోటీసు ఇస్తే చాలు, సగం చిక్కు అక్కడే తీరుతుంది.

ఇప్పటికైతే ఏం చేయాలి?

వర్క్‌షాప్ వాళ్లు ముక్క దేనికో అడగాలి. ఆర్డర్ మెసేజ్, డ్రాయింగ్, బిల్లు దాచుకోవాలి. 7 మిల్లీమీటర్ల సన్న థ్రెడ్, మధ్యలో ఇన్సులేటెడ్ పిన్ అంటే అక్కడే ఆగి ఆలోచించాలి. వేప్ కోసమని తేలితే ఆర్డర్ వద్దనడమే మేలు.

ఇంట్లో పిల్లల దగ్గర పెన్‌డ్రైవ్‌లానో, హైలైటర్‌లానో కనిపించే వింత వస్తువు దొరికితే ముందు కేకలు వేయొద్దు. కూర్చోబెట్టి అడగాలి. అందులో బ్యాటరీ ఉంటుంది కాబట్టి పొయ్యిలోనో, చెత్తకుప్పలోనో పారేయొద్దు. మానాలనుకునేవాళ్లకు జాతీయ టొబాకో క్విట్‌లైన్ 1800-11-2356 ఉంది. ఫోన్ ఉచితం.

యాభై పీసుల ఆర్డర్ మీద మిగిలేది ఏ కొన్ని వేలో. కేసు పడితే లాయర్ ఫీజుకే అవి చాలవు. మెషీన్ ఆన్ చేసే ముందు 'ఇది దేనికి తమ్ముడూ?' అని అడగడానికి మాత్రం పైసా ఖర్చు కాదు.